లేచి నిలబడే నియమం

రెండువేల ఇరవై జూన్ ఏడవ తేదీ, ఆదివారం ఉదయం, ఇబ్రహీంపట్నంలోని మా గ్రంథాలయ వరండాలో మూడు కుర్చీలు దూరదూరంగా వేసి ఉన్నాయి. హాజరైనవారు ముగ్గురు: గ్రంథపాలకురాలు మంజుల, ఉర్దూ మీడియం బడిలో హెడ్మాస్టరుగా చేసి విరమించిన అబ్దుల్ రహీం సాబ్, పాఠకుల సంఘం కార్యదర్శిని కనుక నేను. కరోనా వల్ల లోపలి హాలుకు మార్చి నెల నుంచి తాళం. చర్చించవలసిన అంశం ఒక్కటే: ఆ ఏటి సినిమా పోటీ జరపాలా, వద్దా.

"ఈసారికి బంద్ వెడదాం సార్," అన్నది మంజుల. "హాల్ల పది మందిని కూసోవెడితే రేపు నాకు మెమో వస్తది."

"ఒక్కసారి బంద్ వెడితే మల్ల లేవది బిడ్డా," అన్నారు రహీం సాబ్. "జనమంత ఇండ్లల్ల కూసొని ఫోన్ల సినిమాలే చూస్తున్నరు. మనయి కూడ అండ్లనే వెట్టుదాం."

"మీకు ఫోన్ల మీటింగు వస్తదా? మొన్న వీడియో కాల్ల మీ చెవ్వు తప్ప ఏం కనవడలే."

"వినేటోనికి చెవ్వు కనవడితే చాలదా?"

పోటీని ఆన్‌లైన్‌లో జరపాలని తీర్మానం రాశాను. ఇద్దరూ సంతకం చేశారు.

ఆ పోటీ గురించి కొంత చెప్పాలి. ఏటా ఎండాకాలం సెలవుల్లో, మండలంలోని వారెవరైనా తమ ఫోనుతో పది నిమిషాలకు మించని సినిమా తీసి ఇవ్వవచ్చు. హాలు గోడకు తెల్ల దుప్పటి కట్టి వాటిని ప్రదర్శించేవాళ్లం. చూసినవాళ్లే చేతులెత్తి విజేతను ఎన్నుకునేవారు. ఇంతవరకు ఎక్కడైనా ఉండేదే. మా దగ్గర అదనంగా ఒక నియమం ఉండేది. సినిమా ముగిసి లైట్లు వెలగగానే మంజుల, "ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా?" అని అడుగుతుంది. ఉన్నవారు లేచి నిలబడి, అందరూ వినేటట్టు, కారణం చెప్పాలి. సినిమా తీసినవారు జవాబిస్తారు. జవాబు విన్నాక లేచినవారు కూర్చుంటే సినిమా ఉంటుంది. నిలబడే ఉంటే తీసేస్తాం. అంతకుమించి విచారణ లేదు.

ఈ నియమం మొదటి ఏడు పాల వ్యాపారి నాగయ్య వల్ల పుట్టింది. ఎవరో తీసిన సినిమాలో తన బర్రెను గుర్తుపట్టి ఆయన లేచాడు. "బర్రె నాది. పాలు పిండేది నేను. సినిమాల పిండేటోడు ఎవడు?" అని అడిగాడు. "నీ మొగం కన్న వాని మొగం జర నయమనిపిచ్చింది నాగన్నా," అని జవాబు వచ్చింది. హాలంతా నవ్వింది, నాగయ్య కూడా నవ్వుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఏటా ఎవరో ఒకరు లేచేవారు. కూర్చోకుండా ఉండిపోయినవారు మాత్రం ఒక్కరూ లేరు.

నియమావళిని ఆన్‌లైన్‌కు మార్చే పని నాకు అప్పగించారు. విశ్వవిద్యాలయంలో నేను చేసిన పరిశోధన ప్రాచీన గ్రంథాల పరిష్కరణ మీద. ఒక ప్రతిలోని పాఠాన్ని చెడగొట్టకుండా మరో ప్రతిలోకి ఎక్కించడం నాకు అలవాటైన పని. ఇక్కడా ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను. మొదట ప్రదర్శన, తర్వాత అభ్యంతరాలు, చివర ఎన్నిక. సినిమాలను గ్రంథాలయం పేరుతో తెరిచిన ఛానెల్లో ఉంచుతాము. వారం తర్వాత అందరం వీడియో సమావేశంలో కలుస్తాము. అభ్యంతరం ఉన్నవారు అక్కడ లేచి చెబుతారు. హాలులో ప్రదర్శనకూ అభ్యంతరానికీ మధ్య ఉండే వ్యవధి లైట్లు వేసేంత మాత్రమే. ఇప్పుడది వారం రోజులైంది. ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మా ఇంట్లో అప్పటికి ఇద్దరం: నేను, నా చెల్లెలు అరుణ. రోడ్డు వైపు గది నా పుస్తకాలది. వెనక గది ఆమెదీ, ఆమె కుట్టు మిషనుదీ. మంచాల గ్రామంలో ఉండే భర్త పరమేశ్వర్ ఇల్లు విడిచి ఆమె వచ్చి పదకొండేళ్లయింది. వచ్చిన కొద్ది రోజులకే మా బాపు, పరమేశ్వర్ కూర్చుని ఒక మాట అనుకున్నారు. అరుణకు ఆరోగ్యం బాగాలేదు; పట్నం దవాఖానకు దగ్గరని పుట్టింట్లో ఉంటున్నది; నయం కాగానే వెళుతుంది. రెండిళ్ల మర్యాదకూ అది సరిపోయింది. మంచాల నుంచి చుట్టాలెవరైనా వస్తే అమ్మ ఆమెను పడుకోబెట్టి మెడదాకా దుప్పటి కప్పేది. తర్వాత బాపు పోయాడు, అమ్మ పోయింది. ఆ మాట మాత్రం నిలిచింది. అడిగినవారికి "అట్లనే ఉన్నది" అని నేనూ చెబుతూ వచ్చాను.

ఆ ఏడు ఆ మాటకు కొత్త బలం వచ్చింది. ఆశా కార్యకర్త భూలక్ష్మి జూన్‌లో ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"దీర్ఘరోగులున్న ఇండ్లు చూసి రమ్మన్నరు సార్. మీ ఇల్లు అడగకముందే అందరు చెప్పిండ్రు."

అరుణ బయటికి వచ్చింది. భూలక్ష్మి చేయి బాగా చాచి ఆమె నుదుటికి జ్వరం చూసే యంత్రం గురిపెట్టింది.

"ఎంతున్నది?"

"నీకు మంచిగనే ఉన్నదక్కా. ఎండల తిరిగి తిరిగి నాకే ఎప్పుడు ఎక్కువ చూపెడుతది ఇది."

అరుణ తాను కుట్టిన మాస్కులు కొన్ని తెచ్చి చూపించింది. పాత నూలు చీరలవి, రెండు పొరలవి. భూలక్ష్మి వాటిని కళ్లతోనే మెచ్చుకున్నది గాని ముట్టుకోలేదు.

"కుట్టు మస్తున్నది. గానీ బీమారు మనిషి కుట్టినయి మూతికి ఎవరు కట్టుకుంటరక్కా? నేను పంచితే నన్ను తిడతరు."

"నాకేం బీమారు?"

"నాకేమెరుక? నువ్వే చెప్పాలె."

ఆమె వెళ్లిపోయాక అరుణ మాస్కులను బల్ల మీద ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టింది. ఆ నెలలో వీధిలో ఎవరూ ఒక్క మాస్కు కూడా తీసుకోలేదు. జాకెట్లు కుట్టించుకునే ఇద్దరు ముగ్గురు కూడా రావడం మానేశారు.

బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం నడిపే గజాలా ఆ రోజుల్లోనే వచ్చింది. దుకాణం మూతబడి ఉండడంతో, ఇళ్లలో మాస్కులు కుట్టే ఆడవాళ్ల మీద 'సూది' అనే సినిమా తీస్తున్నది. రెండు మూడు మధ్యాహ్నాలు వెనక గదిలో అరుణను చిత్రించింది. నేను ముందు గదిలో ఉన్నాను. మిషను ఆగడం, నడవడం, మధ్యలో ఇద్దరి నవ్వు, గజాలా ఒకసారి "నిజంగ పెట్టనా అక్కా? ఈసారి హాల్ల కాదు, ఫోన్ల వస్తది" అనడం వినిపించాయి. అరుణ జవాబు మిషను చప్పుడులో కలిసిపోయింది.

సినిమాలను ఛానెల్లోకి ఎక్కించే బాధ్యత నాదే కనుక 'సూది'ని ముందుగా నేనే చూశాను. చివరికి వస్తుండగా అరుణ కుట్టడం ఆపి, సూటిగా ఇటు చూసి చెబుతుంది: "నాకు ఏ బీమారు లేదు. ఎన్నడు లేకుండె. మంచాలల ఉండబుద్ధి కాలే, వచ్చిన. మాస్కులు మంచిగనే కుట్టిన. తీస్కోండ్రి."

నేను పరిశీలించవలసింది నిడివిని. అది పది నిమిషాల లోపే ఉంది. ఎక్కించాను.

హాలులో అయితే ఆ మాటను రెండు వందల మంది, అదీ ముఖాలు తెలిసినవారు, విని ఇళ్లకు వెళ్లేవారు. ఇప్పుడది ఫోను నుంచి ఫోనుకు పోయింది. ఆదిబట్ల దాకా, కోహెడ దాకా పోయిందని మంజుల చెప్పింది. మంచాలకు మొదటిరోజే చేరింది. అక్కడ ఇళ్ల స్థలాలు అమ్మే పరమేశ్వర్ ఫోను చేశాడు.

"బావా, ఆరోగ్యం ఎట్లున్నది..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. పదకొండేళ్లుగా పండుగ పండుగకూ ఆయన అడిగే ప్రశ్న అది, అలవాటుగా వచ్చేసింది.

"చెప్పు పరమేశ్వర్."

"గా సినిమా తీసెయ్యి బావా. ఊరు ఊరంత చూసింది. వెంచర్ల ప్లాటు చూసెతందుకు వచ్చినోడు, ప్లాటు చూడక నా దిక్కు చూస్తుండు. నువ్వేనా అన్నా గా పెనిమిటివి అంటడు. ఇన్నేండ్లు ఆమె పేరు ఒక్కని నోట్ల పడనియ్యలే నేను. బీమారు బీమారు అని నేనే చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు నా మొగం ఎట్ల చూపెట్టాలె?"

"కనుక్కొని చెప్త."

"ఎవర్ని కనుక్కుంటవ్? పాస్‌వర్డు నీ చేతుల్నే ఉన్నదట గద. ఒక్క నిమిషం పని."

ఆయన చెప్పింది నిజమే. తీసేయడం ఒక్క నిమిషం పని. వెనక గదికి వెళ్లాను. అరుణ మిషను ఆపలేదు.

"పరమేశ్వర్ ఫోన్ చేసిండు. సినిమా తీసెయ్యమంటుండు."

"మరి?"

"తీసెయ్యనా?"

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

"అడుగుతున్న."

"అడిగితే, తియ్యకు." గుడ్డను తిప్పి రెండో వైపు కుట్టు మొదలుపెట్టింది. "రూలున్నది గద. లేచి చెప్పమను."

"నలుగుట్ల, అందరు వినంగ అంటడు అరుణా. నీకు బాగుండది."

"అననియ్యి. నన్ను నలుగుట్ల బీమారుదాన్ని చేసినప్పుడు నేను కూసొని వినలేదా? వాళ్లొస్తే పండుకోలేదా? ఒక్కపారి ఆయన లేచి నిలవడితే ఏం పోతది?"

పరమేశ్వర్‌కు నియమావళి ప్రతిని పంపించాను. అభ్యంతరాల గురించిన వాక్యాన్ని గుర్తుపట్టేలా గీత గీసి పంపాను.

జూలై రెండో ఆదివారం సాయంత్రం సమావేశం. బయట వాన పడుతున్నది. తెర మీద నలభై దాకా చిన్న చిన్న కిటికీలు. నాగయ్య కిటికీలో తిరుగుతున్న పంకా మాత్రమే ఉంది. రహీం సాబ్ ఈసారి నుదుటితో సహా కనిపించారు. నేను ముందు గదిలో, అరుణ వెనక గదిలో, ఎవరి ఫోను వారి ముందు పెట్టుకుని కూర్చున్నాము. ఆమె మాట గోడలోంచి మొదట వచ్చేది. క్షణం తర్వాత ఫోనులోంచి అదే మాట మళ్లీ వచ్చేది.

ఒక్కొక్క సినిమా పేరు చదువుతూ వచ్చిన మంజుల, "'సూది' మీద ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది. మంచాల పరమేశ్వర్‌ని."

"లేచి చెప్పాలె పరమేశ్వర్," అన్నారు రహీం సాబ్.

"ఇంట్ల కూసొని ఫోన్ల మాట్లాడినా లేసుడేనా సార్?"

"రూలు. శేఖర్ సార్ రాసిండు. నన్నేం చెయ్యమంటవ్?"

పరమేశ్వర్ లేచాడు. ఫోనును బల్ల మీద దేనికో ఆనించి ఉంటాడు; ఆయన లేవగానే తల తెరకు పైన ఎక్కడికో పోయింది. మిగిలింది తెల్ల చొక్కా, దాని జేబు, జేబులో కలము, నాలుగు మడతలు పెట్టిన వెంచరు కరపత్రం.

"అండ్ల ఆమె చెప్పింది అబద్ధం," అన్నది ఆ చొక్కా. "పాణం బాగలేకనే పోయింది. ఉండబుద్ధి కాక కాదు. అది తీసెయ్యుండ్రి."

"జవాబు చెప్పు గజాలా," అన్నది మంజుల.

"ఆ మాట నాది కాదు మేడం, అక్కది. అక్కనే చెప్పాలె."

గోడ అవతల అరుణ గొంతు సవరించుకున్నది.

"నాకేం బీమారుండెనో అడగుండ్రి మేడం."

"పాణం... బాగుండకపోతుండె," అన్నాడు పరమేశ్వర్.

"పేరు చెప్పు. ఇన్నేండ్ల బీమారుకు ఒక పేరుంటది గద."

ఎవరో నవ్వి, వెంటనే మైకు ఆపేసుకున్నారు.

"సరే, ఆ పేరు వద్దు," అన్నది అరుణ. గొంతు ఏమీ పెంచలేదు. "నేను వచ్చిన్నాడు నన్ను బస్సు దాక ఎవరు దించిండ్రు? అది చెప్పు."

ఈ సంగతి నాకు తెలియదు. ఆమె ఎలా వచ్చిందన్నది మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎందుకు వచ్చిందన్నదే అందరి ప్రశ్న.

"నేనే," అన్నాడు పరమేశ్వర్. "బండి మీద."

"ఎందుకు దించినవ్?"

"సామాను బరువుండె. రెండు సంచులు. నడిచిపోతే చేతులు గుంజుతయని."

"నేనేమన్న?"

"ఇగ రాను అన్నవ్."

"నువ్వేమన్నవ్?"

వాన చప్పుడు మా పెంకుల మీదిదో, ఆయన రేకుల మీదిదో తెలియలేదు. ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది.

"బస్సు వస్తున్నది, ఎక్కు అన్న."

ఆ తర్వాత అరుణ ఏమీ అడగలేదు. తెరలో జేబు కిందికి జరిగింది, మెడ వచ్చింది, గడ్డం వచ్చింది, చివరికి ముఖమంతా తెరలోకి దిగింది. నేను జ్ఞాపకం ఉంచుకున్న ముఖం కన్నా చాలా పెద్దవయసు ముఖం. పరమేశ్వర్ కూర్చున్నాడు.

మంజుల, ఆయన మళ్లీ లేవడని నిశ్చయించుకున్నాక, తర్వాతి సినిమా పేరు చదివింది.

'సూది'కి రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం ఎండిపోయిన బోరు మీద తీసిన హాస్య చిత్రానికి వెళ్లింది. అది న్యాయమైన తీర్పే.

ఆ వారంలో భూలక్ష్మి గేటు దాటి లోపలికే వచ్చి, ఇరవై మాస్కులు చేతిలోకి తీసుకుని చూసి, రంగులు ఏరుకుని పట్టుకుపోయింది. పోతూ పోతూ, "లిస్టుల మీ ఇల్లు కొట్టేసిన సార్. ఇగ మీకు దగ్గొచ్చినా మేం రాం," అన్నది. మరి కొద్ది రోజులకు అరుణ నా గది గుమ్మంలో నిలబడింది.

"అన్నా, ఈ గది నాకు కావాలె. రోడ్డుకు కనవడాలె మిషను."

"పుస్తకాలు?"

"పుస్తకాలకు రోడ్డుతోని ఏం పని?"

అల్మారాలను వెనక గదికి మార్చాము. అకారాది క్రమం చెడకుండా మార్చడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ లోపలే ఆమె గేటుకు 'లేడీస్ టైలర్' అని బోర్డు కట్టించింది. పొద్దుటి నుంచి ఆడవాళ్ల మాటలు ఇల్లంతా వినిపించసాగాయి. ఒంటరిగా చదువుకునేవాడికి అది ఇబ్బందే. కాని ఎవరు ఎంత గట్టిగా మాట్లాడినా, అరుణ ఆరోగ్యం ఎలా ఉందని నన్ను అడిగేవారు లేకపోయారు.

ఆగస్టులో పరమేశ్వర్ మళ్లీ ఫోను చేశాడు. ఈసారి ఆరోగ్యం అడగలేదు. "మా దిక్కు ఇట్లాంటియి పెద్దమనుషుల ముంగట కాగితం రాసుకుంటరు బావా. కోర్టు సంగతి తర్వాత వకీలు చూసుకుంటడు. మొదలు కాగితం కావాలె. నువ్వు రాసిపెట్టు, నేనొస్త."

నేను రాశాను. రెండు పుటలయింది.

ఆయన జీపులో వచ్చాడు. ముందు గదిలో మిషను పక్కన కుర్చీలు వేశాము. గదిని చుట్టూ చూసి, "పెద్దమనుషులు ఏరి?" అన్నాడు.

"వీళ్లే," అన్నది అరుణ, రహీం సాబ్‌నూ మంజులనూ చూపిస్తూ. "మొన్న వీళ్ల ముంగటనే లేచి కూసున్నవ్ గద."

పరమేశ్వర్ నేల చూసి నవ్వాడు. నేను కాగితం చదివాను. సగం కాకముందే అరుణ చేయి అడ్డుపెట్టింది.

"అన్నా, ఇది కాగితమా, నీ పీహెచ్‌డీనా? 'వివిధ కారణముల వల్ల' అంటే ఏం కారణాలు?"

"ఏదో ఒక కారణం రాయాలె గద," అన్నాను.

పరమేశ్వర్ తలెత్తలేదు. ఆయన వేళ్లు మోకాలి మీద కరపత్రాన్ని మడుస్తూ, విప్పుతూ ఉన్నాయి. అరుణ ఆయన వైపు చూసింది.

"కారణం వద్దు," అన్నది. "రాయకు. ఎవరి కారణం వాళ్లకెరుక."

కొత్త కాగితం తీసుకున్నాను. ఆమె చెబుతుంటే రాశాను: 'మేమిద్దరము వేరుగా బతుకుతున్నాము. ఇకముందు కూడా వేరుగానే బతుకుతాము. ఒకరి గురించి ఒకరము ఎవరికీ ఏమీ చెప్పము.' మూడు వాక్యాలు. వాటిలో దిద్దవలసింది నాకు ఏమీ కనిపించలేదు.

పరమేశ్వర్ జేబులోంచి కలం తీసి సంతకం చేశాడు. అదే కలంతో అరుణ చేసింది. సాక్షులుగా మంజుల, రహీం సాబ్ చేశారు. రాసినవాడిగా కింద నేను చేశాను.

"ఇంకో కాపీ రాయనా?" అని అడిగాను.

"వద్దు బావా. ఆమె దగ్గరనే ఉండనియ్యి," అన్నాడు పరమేశ్వర్. లేచి గుమ్మం దాకా వెళ్లి, తిరిగాడు. "మా మరదలు మాస్కులడిగింది. ఐదు."

అరుణ ఐదు మాస్కులు ఏరి, పాత పేపరులో చుట్టి ఇచ్చింది. జీపు కదిలిన చప్పుడు వినిపించాక, కాగితం మీది సిరా ఆరిందో లేదో వేలితో చూసుకుని, దాన్ని మూడు మడతలు పెట్టి, మిషను సొరుగులో దారపు కండెల కింద ఉంచి, సొరుగు మూసింది.